కాపురంలో రెండో గొంతు

మా అపార్ట్‌మెంట్లో వంటిళ్ల కిటికీలన్నీ ఒక ఇరుకైన డక్ట్‌లోకి తెరుచుకుంటాయి. ఎవరింట్లో పాలు పొంగాయో, ఎవరింట్లో చేపల పులుసు ఉడుకుతోందో అందరికీ తెలిసిపోతుంది. మా వంటింటికి ఎదురుగా ఓ చిన్న వయసు జంట ఉంటోంది. అబ్బాయిది గోదావరి జిల్లా, అమ్మాయిది లక్నో దగ్గర ఏదో ఊరు. ఇద్దరూ ఉద్యోగస్తులు, మర్యాద తెలిసినవాళ్లు. లిఫ్టులో ఎదురైతే పలకరించకుండా పోరు. ఈ మధ్య వాళ్లు తరచుగా పోట్లాడుకుంటున్నారు. ఆ పోట్లాట ఇంగ్లీషులో సాగుతుంది. గొంతులు లేవవు. ఒకరు చెప్పడం ముగించేదాకా రెండోవాళ్లు ఆగుతారు. అంతా అయ్యాక అతను మెట్ల మీదికొచ్చి ఎవరో స్నేహితుడికి ఫోన్ చేస్తాడు. అప్పుడు చూడాలి అతని తెలుగు! ఊరి యాసంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. ఆ అమ్మాయి వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ వాళ్లమ్మతో హిందీలో మాట్లాడుతుంది, మధ్యమధ్య ఏడుస్తుంది. ఇంగ్లీషులో లెక్క అప్పజెప్పినట్టు చెప్పిన విషయమే ఇప్పుడు ఇద్దరి నోటా వేరే విషయమైపోతుంది. అతను అసలు బాధపడుతున్నది తన తండ్రికి కాలు విరిగినప్పుడు ఆమె ఫోన్ కూడా చెయ్యలేదని. ఆమె బాధపడుతున్నది ఆ ఇంట్లో అందరూ తన ముందే తెలుగులో తన గురించి మాట్లాడుకుంటారని, ఫోన్ చేస్తే ఎవరితో ఏ మాట అనాలో తెలీక చేతులు వణికాయని. ఈ రెండో సంగతి అతనికి తెలీదు. మొదటిది ఎంత లోతుగా గుచ్చుకుందో ఆమెకి తెలీదు. ఇద్దరికీ ఏమీ కాని నాకు మాత్రం రెండూ తెలుసు.

ఇది కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. కిటికీ మూసేస్తాను. పరాయి ఇంటి మాటలు వినడం తప్పని తెలుసు. మూసినా మనసులోకి వచ్చేసింది బయటికి పోదు కదా! వెళ్లి చెప్పనా? ఏమని చెప్తాను, ఏ హక్కుతో చెప్తాను? చెప్పినా అది వాళ్లకి ఉపయోగపడుతుందా? ఇలా గుంజాటన పడుతుండగా ఒక రాత్రి తట్టింది. ఇద్దరి గుండెల్లో ఉన్నదీ తెలిసి, ఎవరికీ చెప్పలేక, ఎవరి పక్షమూ తీసుకోలేక నిలబడే ఈ చోటు నాకు కొత్తది కాదు. చిన్నప్పట్నుంచీ నవలలు చదివేటప్పుడు నేను నిలబడ్డ చోటే ఇది. భార్యాభర్తల మధ్య బిగుసుకున్న సంగతి రాసిన ప్రతి మంచి రచయితా మనల్ని ఆ డక్ట్ దగ్గరికే తీసుకెళ్లి నిలబెడతాడు. అటు వంటిల్లూ ఇటు మెట్లూ రెండూ వినబడే చోట. అందుకేనేమో, కాపురాల గురించి ఎన్ని తీర్పులు విన్నా కలగని దుఃఖం ఒక కథ చదివితే కలుగుతుంది.

తీర్పులకేం తక్కువ? నాకు తెలిసిన ఒక లాయరమ్మ దగ్గర కుటుంబ న్యాయస్థానం కాగితాలు కొన్ని చూశాను, పేర్లు కొట్టేసినవి. ఫలానా తేదీన పెద్దల సమక్షంలో వివాహం జరిగినది, కొంతకాలం అన్యోన్యంగా కాపురం చేసినారు, తదుపరి ప్రతివాది ప్రవర్తనలో మార్పు వచ్చినది. ఏ కాగితం తీసినా ఇదే వరస. పుట్టెడు దుఃఖం పట్టుకొచ్చిన మనిషి కూడా ఆ కాగితంలోకి దిగేసరికి పక్క ఫైలులోని మనిషిలాగే అయిపోతుంది. అందులో తప్పు పట్టడానికేం లేదు. కోర్టు ఆ ప్రశ్నలే అడగాలి, ఆ జవాబులే రాసుకోవాలి. పెద్దమనుషుల పంచాయితీ అయినా అంతే. కుర్చీలు వేసి, కాఫీలిచ్చి, రెండు వైపులవాళ్లనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగేది ఒక్కటే, తప్పెవరిదని. ఎవరిదీ తేలకపోతే చివరికి ఆడపిల్ల వైపు తిరిగి కాస్త సర్దుకుపోవాలమ్మా అంటారు. అన్యోన్యంగా ఉన్న ఆ కొంతకాలంలో ఏముండేది? మార్పు వచ్చిన రోజు పొద్దున్న ఇంట్లో ఏం వండారు? ఎవరు మొదట మాటాడ్డం మానేశారు, రెండోవాళ్లు అది ఎన్నాళ్లకి గమనించారు? ఇవి అడిగే తీరికా పనీ కథకే ఉన్నాయి.

ఈ తేడా నాకు బాగా తెలిసొచ్చింది కోఠీలో. మహిళా కళాశాల అని మనందరం పిలుచుకునే ఆవరణలో ఉన్న పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనాన్ని కట్టించడం మొదలుపెట్టిన ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలెస్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా అనే హైదరాబాదీ పెద్దింటి అమ్మాయిని పెళ్లాడాడు. 1800 ప్రాంతపు సంగతి. విలియం డాల్రింపుల్ వైట్ మొఘల్స్ పేరుతో 2002లో రాసిన పుస్తకం వల్ల అది లోకానికంతా తెలిసింది. ఆ పెళ్లి మీద కంపెనీ అధికారులు విచారణలు జరిపారు. అందులో రాజకీయం ఉందా, నిజాం దర్బారు కుట్ర ఉందా, ఆయన అధికారాన్ని దుర్వినియోగం చేశాడా అని కూపీలు లాగారు. కిర్క్‌పాట్రిక్ తన అన్నకి రాసిన ఉత్తరాల్లో కొన్ని రహస్య లిపిలో ఉన్నాయి. ఇంత కాగితం మిగిలింది కదా, ఆమె ఏమనుకుందో చెప్పేది అందులో ఎంత? ఆమె గొంతు దాదాపుగా ఇతరుల ఉత్తరాల్లోంచే మనకి చేరుతుంది. 1805లో ఐదేళ్లు కూడా నిండని ఇద్దరు పిల్లల్నీ ఇంగ్లండుకి పంపేశారు. అదే ఏడాది అక్టోబరులో ఆయన కలకత్తాలో చనిపోయాడు. ఆమె 1813లో కన్నుమూసేదాకా పిల్లల్ని మళ్లీ చూడలేదు. పిల్లలు ఓడెక్కే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ గీసిన బొమ్మ ఉంది. హైదరాబాదు దర్బారు దుస్తుల్లో ఇద్దరూ నిలబడి ఉంటారు. పిల్లల్ని పంపాలని ఆ ఇంట్లో మొదట అన్నదెవరు? ఆ మాట విన్న రాత్రి ఆమె ఆయనతో మాట్లాడిందా, గోడవైపు తిరిగి పడుకుందా? చరిత్రకారుడు ఇక్కడ నిజాయితీగా ఆగిపోవాలి. ఆ గడప దాటి లోపలికి వెళ్లే ధైర్యం నవలకే ఉంటుంది.

రెండు సంస్కృతుల మధ్య నలిగే కాపురం అనగానే మనకి ఇలాంటి పెళ్లిళ్లే గుర్తొస్తాయి. తెల్లదొర, బేగం. మతాలు వేరు, రంగులు వేరు. ఝుంపా లాహిరి కథలు చదివాకే నాకు వేరే అనుమానం మొదలైంది. లండన్లో పుట్టి అమెరికాలో పెరిగిన బెంగాలీ రచయిత్రి ఆమె. 1999లో వచ్చిన మొదటి కథల పుస్తకం ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మాలడీస్‌కి మరుసటేడు పులిట్జర్ బహుమతి వచ్చింది. అందులో మొదటి కథలో భర్త శుకుమార్, భార్య శోభ. ఇద్దరూ బెంగాలీలే. ఒకే తిండి, ఒకే భాష. బోస్టన్లో కాపురం. పుట్టబోయే బిడ్డ పోయింది. ఆ సమయానికి అతను బాల్టిమోర్‌లో ఏదో సదస్సులో ఉన్నాడు. అప్పట్నుంచీ ఒకే ఇంట్లో వేరు వేరు గదుల్లో, వేరు వేరు వేళల్లో బతుకుతున్నారు. మంచు తుఫానుకి దెబ్బతిన్న కరెంటు తీగలు బాగుచెయ్యడానికి ఐదు రోజులపాటు రాత్రి ఎనిమిది నుంచి గంటసేపు కరెంటు తీస్తామని నోటీసు వస్తుంది. ఆ చీకట్లో కొవ్వొత్తులు పెట్టుకుని, ఎప్పుడూ చెప్పుకోని సంగతి ఒక్కొక్కటి చెప్పుకోవడం మొదలుపెడతారు. శోభ చిన్నప్పుడు ఇండియాలో కరెంటు పోయినప్పుడు ఇంట్లోవాళ్లతో ఆడిన ఆటలాంటిదే. చిన్న చిన్న అబద్ధాలు, చిన్న చిన్న ద్రోహాలు. చదువుతుంటే దగ్గరైపోతున్నారు అనిపిస్తుంది. ఆఖరి రోజు, తీగలు ముందుగానే బాగుపడ్డాయని ఇంకో నోటీసు వస్తుంది. ఆమె దీపం వేసి, తాను వేరే ఇల్లు చూసుకున్నానని చెబుతుంది. అప్పుడతను తన దగ్గర దాచుకున్న ఆఖరి మాట బయటపెడతాడు. పోయిన బిడ్డ మగపిల్లాడని, తాను ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చినా ఆ బిడ్డని ఎత్తుకున్నానని. ఆమెకి తెలియకూడదని ఆమే అనుకున్న సంగతి అది. అది ప్రేమతో చెప్పాడా, దెబ్బకి దెబ్బగా చెప్పాడా? ఎన్నిసార్లు చదివినా నాకు తేలదు. రెండూ నిజమేనేమో. ఒక మాటలో రెండూ ఉండగలవని ఏ పంచాయితీలో ఒప్పుకుంటారు?

ఇక్కడ పరాయి దేశం ఏం చేసింది? బిడ్డని చంపలేదు, ఆ ఇద్దర్నీ విడదియ్యలేదు. మరేం చేసిందంటే చుట్టూ ఉన్న జనాన్ని తీసేసింది. మన ఊళ్లో అయితే ఇంటికొచ్చే అత్తలూ పిన్నులూ పక్కింటివాళ్లూ ఆ దుఃఖాన్ని తలా కాస్తా పంచుకునేవాళ్లు. ఆ సందడిలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిన అవసరమే వచ్చేది కాదు. అక్కడ ఆ ఇద్దరే మిగిలారు. అంటే పరాయి దేశం కాపురాన్ని పాడు చెయ్యదు, కాపురానికి ఉన్న తొడుగు ఊడదీస్తుంది. ఇలా అనుకోగానే వెంటనే ఒక సందేహం. ఉమ్మడి కుటుంబాల సందడిలో బయటపడకుండానే ముగిసిపోయిన కాపురాలు బాగున్నట్టా? మొహం మొహం చూసుకోకుండానే షష్టిపూర్తి చేసుకున్న దంపతుల్ని మనం ఎంతమందిని చూశాం!

అదే పుస్తకంలో మిసెస్ సేన్ అనే ఇల్లాలి కథ ఉంది. అది చదివిన తెలుగు ఆడవాళ్లెవరైనా ఒక వస్తువు దగ్గర ఆగిపోతారు. ఆమె కలకత్తా నుంచి తెచ్చుకున్న కత్తిపీట. మన కత్తిపీటకి బెంగాలీ అక్క అది. రోజూ నేలమీద పాత వార్తాపత్రికలు పరిచి, ఒక కాలు మడిచి కూర్చుని, కూరగాయల్ని ఆ బ్లేడుకి ఎదురు నెట్టి తరుగుతుంది. చేతులు కదులుతాయి, కత్తి కదలదు. తను చూసుకునే పదకొండేళ్ల అమెరికన్ పిల్లాడు ఎలియట్‌ని దగ్గరికి రావద్దంటూ, మా ఊళ్లో పెళ్లంటే చుట్టుపక్కల ఆడవాళ్లంతా ఇలాంటి కత్తిపీటలు పట్టుకొచ్చి రాత్రంతా కబుర్లు చెప్పుకుంటూ యాభై కిలోల కూరగాయలు తరిగేవాళ్లమని చెబుతుంది. తను ఇక్కడ గట్టిగా అరిస్తే ఎవరైనా వస్తారా అని ఆ పిల్లాణ్ణే అడుగుతుంది. భర్త యూనివర్సిటీలో లెక్కల మేష్టారు. చెడ్డవాడు కాదు. కొట్టడు, తిట్టడు. కారు నేర్చుకో అంటాడు. అంతే. ఆమెకి ఆ కారంటే భయం. తాజా చేప కావాలంటే సముద్రం ఒడ్డుకి వెళ్లాలి, వెళ్లాలంటే కారు నడపాలి. ఒకరోజు భర్త రానన్నాడని ఆ పిల్లాణ్ణి ఎక్కించుకుని తనే బయల్దేరి ప్రమాదం చేస్తుంది. పెద్ద దెబ్బలేం కాదు. కానీ ఆ పిల్లాడు ఇక ఆ ఇంటికి రాడు. మొత్తం కథలో భార్యాభర్తలు గట్టిగా పోట్లాడుకున్నదే లేదు. ఆయన వైపు నుంచి చూస్తే ఆయన కోరింది ఆమె మంచికే. తన కాళ్లమీద తను నిలబడాలనే. ఆమె వైపు నుంచి చూస్తే, వచ్చిన చోటు పూర్తిగా మరిచిపొమ్మన్నట్టు. ఒక కత్తిపీటా ఒక కారూ మధ్య నలిగిపోయిన ఇల్లాలిని లాహిరి మనకి చూపించిన తీరు చూస్తే, సంస్కృతి అనే పెద్ద మాట అంతా చివరికి చేతులు దేన్ని పట్టుకోవడానికి అలవాటు పడ్డాయన్న దగ్గరికే వస్తుందనిపిస్తుంది.

అన్నీ విరిగిన కథలే అనుకోనక్కర్లేదు. ఆ పుస్తకం ఆఖరి కథలో 1969లో అమెరికా చేరిన ఒక గుమాస్తా లాంటి మనిషికి పెద్దలు కుదిర్చిన పెళ్లాం మాల మొదట్లో పూర్తిగా పరాయి మనిషే. నూట మూడేళ్ల ఇంటావిడ ఆ పిల్లని ఎగాదిగా చూసి మెచ్చుకున్నప్పుడు, ఆ పరీక్షలో ఆమె బెరుకు చూసి అతనికి మొదటిసారి జాలి కలుగుతుంది. అక్కడ మొదలవుతుంది కాపురం. మూడో మనిషి కళ్లతో చూస్తే తప్ప పక్కనున్న మనిషి కనబడని మగవాళ్లని లాహిరి ఎంత దయతో రాసిందో!

మన సాహిత్యానికి వస్తే, పరాయితనం కోసం సముద్రాలు దాటక్కర్లేదు. రంగనాయకమ్మ గారి బలిపీఠం 1960ల్లో పాఠకుల్ని ఊపేసిన నవల. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి అందుకుంది. 1975లో దాసరి నారాయణరావు గారు శోభన్‌బాబు, శారదలతో సినిమా తీశారు. అరుణ బ్రాహ్మణ వితంతువు, జబ్బు మనిషి. సుమంగళిగా చనిపోవాలని ఆమె కోరిక. భాస్కర్ హరిజనుడు, ఆదర్శవాది. ఆమె కోరిక తీర్చడానికి పెళ్లాడతాడు. ఆమె చనిపోదు, కోలుకుంటుంది. నవల అసలు మొదలయ్యేది అక్కడ. చావబోయే మనిషికి కులం అడ్డు రాలేదు. బతికిన మనిషికి అడుగడుగునా అడ్డొస్తుంది. వంటింట్లో, చుట్టాలొచ్చినప్పుడు, పిల్లల్ని పెంచేటప్పుడు. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరికీ ఒకే భాష. అయినా ఆ ఇంట్లో ఉన్నంత దూరం బోస్టన్‌కీ కలకత్తాకీ మధ్య లేదు. ఇలా కులమో మతమో దాటినవాళ్లు 1954లో వచ్చిన ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం పెళ్లి చేసుకోవాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. అభ్యంతరం ఉన్నవాళ్లు ఆ లోపు చెప్పొచ్చు. బయటివాళ్ల అభ్యంతరాలకి అది గడువు. పెళ్లయిన ఐదో ఏట, పదో ఏట, మంచి మనసుతో పెళ్లాడిన మనిషి లోపల్నుంచే లేచే అభ్యంతరానికి గడువేదీ లేదు. దాని గురించే రంగనాయకమ్మ గారు రాశారు. అరుణ మీద ఆమె కోపం నాకు కొన్ని చోట్ల మరీ ఎక్కువనిపిస్తుంది. ఆ పిల్ల పుట్టి పెరిగిన ఇల్లు ఆమె ఒంట్లో ఎలా ఇంకిపోయిందో చూపించడానికి ఇంకొన్ని పేజీలు ఇచ్చి ఉంటే బాగుండేది. ఒక్క మనిషిని తప్పుబట్టి ముగించేంత చిన్నది కాదు ఆ సమస్య.

ఆ నవల నేను మొదట చదివింది అచ్చు పుస్తకంలో కాదు. తెనాలిలో మా మేనత్త దగ్గర వారపత్రికల్లోంచి చింపి కుట్టిన సీరియళ్ల కట్టలు ఉండేవి. వారం వారం పేజీలు జాగ్రత్తగా చింపి, పిండి డబ్బా కింద పెట్టి నొక్కి, సీరియల్ అయిపోయాక దబ్బనంతో పురికొస ఎక్కించి కుట్టేది. పైన పాత చీర అంచు గుడ్డ అంటించేది. ఆ పేజీల వెనకవైపు వంటల శీర్షికలూ, తలనొప్పి మందుల ప్రకటనలూ, సగం తెగిపోయిన వేరే కథలూ ఉండేవి. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక, మామయ్య కునుకు తీస్తున్నప్పుడు, వెనక గుమ్మంలో కూర్చుని చదివేది. మామయ్యా మంచివాడే. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు ఆ కట్టలు బయటికి వచ్చేవి కావు. ఎందుకని? ఆయన వద్దన్న గుర్తు లేదు. ఒకసారి ఏదో వారం భాగం చదివి, ఎవరూ లేని పెరటి వైపు చూస్తూ, ఆ అమ్మాయి చేసింది తప్పు కాదు అంది. గట్టిగా అంది. నేను ఏ అమ్మాయి అని అడిగితే నవ్వి లేచిపోయింది. ఏ అమ్మాయో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ మాటని ఆమె మామయ్యతో అన్న రోజు ఒక్కటీ ఉండి ఉండదు. కానీ అనగలిగే చోటు ఒకటి ఆమెకి దొరికింది. కథలు కాపురాలు పాడు చేస్తాయని ఆ రోజుల్లో చాలామంది అనేవాళ్లు. సీరియళ్లు చదివి ఆడవాళ్లు పెడదారి పడుతున్నారని పత్రికల్లోనే ఉత్తరాలొచ్చేవి. మా అత్తయ్య ఏ దారీ పట్టలేదు. ఆ ఇంట్లోనే పోయింది. కథలు ఆమెకి చేసిన మేలు ఏదైనా ఉంటే, తన బాధకి తను పిచ్చిదేం కాదని చెప్పడమే.

పెడదారి అనగానే చలం. 1927 నాటి మైదానంలో రాజేశ్వరి ప్లీడరు భర్తని వదిలి అమీర్‌తో వెళ్లిపోతుంది. ఆ గడప దాటడం మీదే మనవాళ్లు దాదాపు నూరేళ్లుగా వాదించుకుంటున్నారు. వెళ్లడం తప్పా ఒప్పా, చలం మంచివాడా చెడ్డవాడా. నన్ను అడిగితే ఆ నవలలో అన్నింటికంటే నిజమైన భాగం గడప దాటాక వస్తుంది. గోడల్లేని చోట, సమాజం లేని చోట, అంత ప్రేమలోనూ బిగువు మొదలవుతుంది. ఆమె గర్భవతి అవుతుంది, అతనికి బిడ్డ వద్దు. హిందూ ముస్లిం భేదం కాదు అక్కడ వాళ్ల మధ్య గోడ. ఆడ ఒంటికీ మగ ఇష్టానికీ మధ్య ఉన్న గోడ. ఆ సంగతి చలం రాశాడు, మనం దాని మీద పోట్లాడలేదు. మనకి గడప మీదే ఆసక్తి.

అంతకు ముందే, 1910లో గురజాడ దిద్దుబాటులో కమలిని గడప దాటినట్టే చేసి, మంచం కింద దాక్కుంటుంది. ఆడపిల్లలకి చదువు కావాలని వాదించే భర్త గోపాలరావు సానుల పాటల దగ్గర ఆలస్యమై అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరితే, భార్య లేదు, ఉత్తరం ఉంది. నవ్వుకుంటూ చదివే కథే. కానీ నా కళ్లు ఎప్పుడూ ఆ ఉత్తరం మీదే ఆగుతాయి. ఎదురుగా నిలబడి చెప్పలేనిది ఆమె కాగితం మీద పెట్టింది. తెలుగు కథకి తొలినాళ్లలోనే భార్య మాట భర్తకి చేరడానికి ఒక కాగితం కావలసివచ్చింది.

గడప దాటిందా లేదా అన్నదే చూసే మనకి అసలు ముగింపుల మీద ఇంత పట్టుదల ఎందుకు? ఇబ్సెన్ 1879లో రాసిన నాటకంలో నోరా భర్తనీ పిల్లల్నీ వదిలి తలుపేసుకుని వెళ్లిపోతే, జర్మనీలో ఒక పేరున్న నటి, పిల్లల్ని వదిలేసే తల్లిగా నటించనంది. వేరెవరో మార్చేకంటే నయమని ఇబ్సెనే ఇంకో ముగింపు రాసిచ్చాడు. అందులో భర్త ఆమెని పిల్లల గది దాకా తీసుకెళతాడు, నిద్రపోతున్న వాళ్లని చూసి ఆమె కూలబడిపోతుంది. అలా రాయాల్సి రావడం ఆయనకి ఏవగింపే. సత్యజిత్ రాయ్ 1964లో టాగోర్ నష్టనీడ్ కథని చారులతగా తీసినప్పుడు ఇంకోలా చేశాడు. పత్రిక పిచ్చిలో భార్యని మరిచిన భూపతి, మరిది మీద మనసు పోయిన చారు, చివర్లో గుమ్మం దగ్గర ఒకరి వైపు ఒకరు చేతులు చాపుతారు. చేతులు కలవకముందే బొమ్మ బిగుసుకుపోతుంది. కలుస్తాయో లేదో చెప్పడు. ఎవరికెంత కావాలో అంత ఊహించుకోమంటాడు. నాకు అదే న్యాయమనిపిస్తుంది. వెళ్లిపోవాల్సిన ఇళ్లు ఉన్నాయి, వెళ్లిపోవాలి. చెయ్యెత్తే మగవాడి ఇంట్లో రెండో వైపు వినమని నేను ఎవరికీ చెప్పను. నేననేది అలాంటివి కాని, ఇద్దరూ మంచివాళ్లే అయిన, ఇద్దరికీ ఊపిరాడని కాపురాల సంగతి. లోకంలో అవే ఎక్కువ. కథల్లో అవే తక్కువ.

మన కథల్లో ఆడదాని నొప్పి బలంగా పలికింది. అది చిన్న సంగతి కాదు, వందేళ్ల పోరాటం. మగవాడి నొప్పి పలికిన చోట, ఎదుటి ఆడది ఒట్టి బొమ్మగా మిగిలిన పుస్తకాలూ చాలా ఉన్నాయి. ఒకే నవలలో ఇద్దరూ నిండుగా మాట్లాడినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు అమెరికా తెలుగు కథల్లో మూడో అలవాటొకటి వచ్చింది. కాపురం చెడితే ఆ దేశాన్ని దోషిని చేసెయ్యడం. అక్కడి మంచు, అక్కడి వీసా, అక్కడి డాలరు. భర్త ఉద్యోగం వెంట వచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లి ఏళ్ల తరబడి ఉద్యోగం చేసే అనుమతి లేక ఇంట్లో కూర్చున్న అమ్మాయిల కష్టం నిజం. వాళ్ల చదువులు ఎండిపోయాయి. ఆ కథలు రావాలి, వస్తున్నాయి. అదే ఇంట్లో, ఆఫీసు నుంచి వచ్చి కారులోనే కాసేపు కూర్చుండిపోయే అబ్బాయి కథ ఏది? ఇంటికెళ్తే ఆమె మొహం చూడాలి, తన ఉద్యోగం వల్లే ఆమె ఇలా అయిందన్న సంగతి మళ్లీ గుర్తొస్తుంది, కనుక కారు దిగబుద్ధి కాదు. ఈ రెండు కథలూ ఒకే పుస్తకంలో, ఒకే రాత్రి మీద, ఒకదాని పక్కన ఒకటి వస్తే ఎలా ఉంటుంది? తెలుగింటి కోడలిగా వచ్చిన ఉత్తరాది అమ్మాయి, గల్ఫ్‌లో ఉన్న మనిషి కోసం కోనసీమలోనో జగిత్యాలలోనో ఎదురుచూసే ఇల్లాలు, కులం దాటి పెళ్లాడి పిల్లలకి పేర్లు పెట్టే దగ్గర ఆగిపోయిన జంట. వీళ్లందరిలోనూ ఒక్కొక్కరి గొంతే మనకి ఇప్పటిదాకా అందింది.

రాసేవాళ్లకి నా మనవి ఇదే. ఎవరి పక్షాన కోపం వస్తుందో వాళ్ల అధ్యాయం ముందు రాసెయ్యండి, కసితీరా రాయండి. తర్వాత కొన్నాళ్లు ఆగి, మీకు ఇష్టం లేని ఆ రెండో మనిషి దగ్గరికి వెళ్లి కూర్చోండి. అతనో ఆమో ఒంటరిగా ఉన్నప్పుడు ఏ భాషలో మాట్లాడుకుంటారో వినండి. వాళ్లకీ అన్నే పేజీలివ్వండి.